సముద్రం దగ్గర నాయన నేల చూశాడు

నెల్లూరు జిల్లా మైపాడు బీచ్‌లో ఇసుక మీద కాలు పెట్టగానే పిల్లలిద్దరూ నీళ్ల వైపు పరిగెత్తారు. మా ఆయన ఫోను బయటికి తీశాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లల వెనకపడ్డాను. కాసేపటికి తిరిగి చూస్తే నాయన మాతో రాలేదు. సరుగుడు చెట్లు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట గొంతుక్కూర్చుని కిందికి చూస్తున్నాడు. కడప నుంచి నాలుగు గంటలు కార్లో కూర్చోబెట్టి తెచ్చింది ఆయనకు సముద్రం చూపించడానికే. డెబ్బై రెండేళ్లకు మొదటిసారి సముద్రం దగ్గరికి వచ్చిన మనిషి అటు చూడకుండా ఇసుకను చూస్తున్నాడు. కళ్లు తిరిగాయేమోనని టెన్షన్ పడి దగ్గరికి పోయాను.

"సముద్రం ఆడుంది నాయనా," అన్నాను.

"చూసినాలే. యాడికీ పోదు గదా అది. ఈడ చూడు పాపా, తెల్లవార్లూ ఎంతమంది తిరిగినారో," అన్నాడు.

నాయనది సిద్దవటం దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి మేకల వెంట లంకమల అడవి అంచుల్లో తిరిగాడు. పొద్దున్నే మట్టి చూసి రాత్రి నక్క వచ్చిందో అడవిపంది వచ్చిందో, తప్పిపోయిన మేక ఏ పక్కకు పోయిందో చెప్పేవాడు. మాకు అదేమీ గొప్పగా అనిపించేది కాదు. మేకలు కాసేవాళ్లందరికీ తెలిసిందే కదా అనుకునేవాళ్లం. మైపాడులో రెండు రోజులు ఆయన వెనక తిరిగాక నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. మూడేళ్లయినా అది మారలేదు కాబట్టి రాస్తున్నాను. మన సీమ వాళ్లం బీచ్‌కు పోయే పద్ధతి మార్చుకోవాలి. మనం సముద్రాన్ని ఒక పెద్ద నీళ్ల తొట్టిలా చూసి, మునిగి, ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని వస్తున్నాం. ఆ ఒడ్డు మీద ఒక అడవి ఉంది. దాన్ని తొక్కుకుంటూ పోయి, తొక్కుకుంటూ వస్తున్నాం. చూసే కన్ను లేక కాదు. కంపచెట్ల మధ్య, ఎండిన ఏటి ఇసుకలో పెరిగినవాళ్లకు ఆ కన్ను అందరికన్నా ఎక్కువే ఉంది. సముద్రం దగ్గర దాన్ని వాడొచ్చని మనకు తోచడం లేదు, అంతే.

ఆ రోజు నాయన చూపించినవి చెప్తాను.

మొదట ఎండ్రకాయలు. చెట్ల దగ్గర నుంచి నీళ్ల దాకా ఇసుక నిండా బొక్కలు. పైన ఉన్నవి వెడల్పు, నీళ్ల దగ్గరవి సన్నం. "పెద్దవి పైన ఉండాయి, పిల్లలు కింద ఉండాయి," అన్నాడు. ప్రతి బొక్క ముందూ తవ్విపోసిన ఇసుక ఒకే పక్కకు విసిరి ఉంది. దాని చుట్టూ కుట్టుమిషన్ మీద కుట్టినట్టు సన్నటి చుక్కల గీతలు. కదలకుండా కూర్చుంటే ఐదు నిమిషాల్లో ఒకటి బయటికి వచ్చింది. ఇసుక రంగే దాని రంగు. కళ్లు రెండూ పుల్లల మీద నిలబెట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. ఆ కళ్లతో అది చుట్టూ నాలుగు పక్కలా చూడగలదు, అందుకే మనం ఎటు నుంచి పోయినా దొరకదు. మధ్యమధ్యలో నీళ్ల దాకా పోయి తడుపుకుని వస్తుంది. చేపకు లాగే దానికీ మొప్పలుంటాయి, అవి తడిగా లేకపోతే ఊపిరాడదు. ఇంకాస్త దూరంలో ఎర్రటివి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో మందారపూలు చల్లినట్టు ఉంది. మా పాప అడుగు వేసిందో లేదో ఒక్క పువ్వు కూడా లేదు.

ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గిన చోట ఇంకో రకం. శనగగింజంత ఎండ్రకాయలు. తడి ఇసుకను నోట్లోకి తీసుకుని, దాంట్లో ఉన్న కంటికి కనపడని ఆహారం తిని, మిగిలిన ఇసుకను ఉండ చేసి పక్కన పెడతాయి. బొక్క మధ్యలో, ఉండలు చుట్టూ వరుసలు వరుసలుగా, ముగ్గు వేసినట్టే ఉంటుంది. బొక్కలోకి పారిపోవడానికి మాత్రం ఒక దారి ఖాళీగా వదిలిపెడతాయి. మా బాబు లెక్కపెడదామని కూర్చుని మూడు వందల దగ్గర వదిలేశాడు. పోటు వస్తే ఆ ముగ్గంతా పోతుంది. మళ్లీ ఆటుకు వచ్చి మళ్లీ వేస్తాయి.

తర్వాత పిట్టలు. అల వెనక్కి పోతుంటే దాని వెంట పరిగెత్తి, ఇసుకలో పొడిచి, అల తిరిగి వచ్చేలోపు వెనక్కి పరిగెత్తుకొచ్చే చిన్న తెల్లటి ఉల్లంకి పిట్టలు. పిల్లలకు అవి ఆటబొమ్మల్లా అనిపించాయి. నాయన వాటి అడుగుల దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. తర్వాత నన్ను పిలిచి వేలుతో చూపించాడు.

"కాలికి మూడు ఏళ్లే ఉండాయి చూడు. ఎనక ఏలు లేదు. మన కలివికోడిక్కూడా ఎనక ఏలు ఉండదు."

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. కడప వాళ్లకు కలివికోడి గురించి చెప్పనక్కర్లేదు గానీ, బయటివాళ్ల కోసం చెప్తాను. 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు సైనిక వైద్యుడు ఈ పిట్టను లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో మా సిద్దవటం పక్క రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట దీపం వెలుతురులో ఊరి మనిషికి దొరికింది. దానికోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటు చేశారు. అది రాత్రి తిరిగే పిట్ట. పొదల మధ్య ఖాళీ నేల మీద పరిగెత్తుతుంది. కళ్లకు దొరకదు కాబట్టి పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారి వాటి మీద పడ్డ అడుగులు చూసేవాళ్లు. పక్కన కెమెరాలు పెట్టేవాళ్లు. నాయన అది చూసి, ఇంత చదువుకున్నవాళ్లు మేము చేసే పనే చేస్తున్నారే అని ఇంటికొచ్చి అమ్మతో చెప్పడం నాకు గుర్తుంది. చిన్నప్పుడు మసకచీకట్లో కలివికోడిని రెండుసార్లు చూశానని ఇప్పటికీ చెప్తాడు.

ఇంటికి వచ్చాక నేను చదివి తెలుసుకున్న సంగతి ఇది. పక్షుల శాస్త్రంలో కలివికోడిని కోళ్లతో పెట్టరు. ఉల్లంకులు, సీగల్స్, నీళ్ల ఒడ్డున పరిగెత్తే చిన్న పిట్టలు ఏ వర్గంలో ఉంటాయో కలివికోడిదీ అదే వర్గం. అంటే లంకమల కంపల్లో తిరిగే మన పిట్ట, అలల వెంట పరిగెత్తే పిట్ట దూరపు చుట్టాలు. పుస్తకం చదవని మా నాయన ఒక అడుగు చూసి ఆ చుట్టరికాన్ని పట్టుకున్నాడు. మన దగ్గర కన్ను ఉందని నేను అన్నది దీన్ని చూసే.

ఆ చిన్న పిట్టల్లో కొన్ని ఉత్తర ధ్రువం దగ్గర మంచు కరిగే నేల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి ఇంత దూరం వస్తాయి. సీగల్స్‌లో ఎక్కువ భాగం లడఖ్, టిబెట్ సరస్సుల నుంచి వచ్చినవి. చలికాలంలో వాటి తల తెల్లగా ఉంటుంది. ఊరికి పోయే రోజులు దగ్గరపడే కొద్దీ తల గోధుమరంగుకు తిరుగుతుంది. మేము పోయింది మాఘమాసం, ఫిబ్రవరి. కొన్నిటి తల మీద అప్పుడే ఆ రంగు దిగుతోంది. మన పిల్లలు వాటి మీదికి పరిగెత్తి గుంపు మొత్తాన్ని లేపుతుంటే మనం పక్కన నిలబడి వీడియో తీస్తాం. నేనూ తీశాను. వేల కిలోమీటర్లు ఎగరడానికి కొవ్వు పెంచుకోవాల్సిన రోజులు అవి. తినే పిట్టను రోజుకు నలభైసార్లు లేపితే దాని ప్రయాణంలోంచి మనం ముద్ద తీసేసినట్టే. పిల్లలకు ఈ సంగతి చెప్తే వింటారు. మా వాళ్లు విన్నారు. రెండో రోజు మా పాప వేరే పిల్లల్ని ఆపబోయి వాళ్లమ్మతో మాట కూడా పడింది.

రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు నాయన నన్ను లేపాడు. పిల్లలు, మా ఆయన నిద్రపోతున్నారు. ఇద్దరమే నడిచాం. జనం ఉండే చోటు దాటి ఉత్తరంగా ఒక కిలోమీటరు పోయాక ఆయన ఆగిపోయాడు. సముద్రంలో నుంచి పైకి ఏదో ఈడ్చుకుపోయినట్టు మూరన్నర వెడల్పు జాడ. నేను చూడగానే ట్రాక్టర్ టైరు అనుకున్నాను. పడవల్ని లాగడానికి ట్రాక్టర్లు తెస్తారు కదా.

"చక్రం గాదు. చక్రమైతే రెండుపక్కలా ఒకే తీరుగా ఉంటాది. ఇది ఒకపారి ఈ కాలు, ఒకపారి ఆ కాలు," అన్నాడు. ఎడమ గుర్తు, కుడి గుర్తు ఎదురెదురుగా లేవు, ఒకటి ముందు ఒకటి వెనక ఉన్నాయి. "నడుమ పొట్ట ఈడ్చింది. ఇటు ఎక్కింది, అటు దిగింది. ఎక్కిన జాడ మీద దిగిన జాడ పడింది చూడు."

జాడ వెంటే పైకి పోతే ఊదారంగు పూల తీగ పరుచుకున్న ఇసుక దిబ్బ పక్కన నేల చెదిరి, మళ్లీ తట్టి సరిచేసినట్టు ఉంది. మేము దూరంగానే నిలబడ్డాం. అప్పుడే వల భుజాన వేసుకుని వస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ఏం పెద్దాయనా, కనుక్కున్యావే. రాత్రి రెండింటప్పుడు వచ్చి పోయుంటది తాబేలు," అన్నాడు. ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టిపోతుంది. వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఆ ఇసుకను గట్టిగా తడుతుంది. ఆ తర్వాత తల్లి తిరిగి చూడదు. గుడ్లను పొదిగేది ఇసుకలోని వేడి. సుమారు యాభై రోజులు. ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి, తక్కువైతే మగవి.

ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. అటవీశాఖ తరఫున గుడ్లు చూసుకునే కుర్రాళ్లు ఇద్దరు బైకు మీద వచ్చి జాగ్రత్తగా తవ్వి, గుడ్లను బకెట్లో ఇసుకతో సర్ది తీసుకుపోయారు. వలకంచె కట్టిన చోట మళ్లీ అదే లోతులో పూడుస్తారట. ఎందుకు తీసుకుపోతున్నారని నాయన అడిగాడు. కుక్కలు అన్నారు.

కుక్కల సంగతి నాకు అక్కడే తగిలింది. ముందురోజు సాయంత్రం మేము తిని పారేసిన బిరియానీ ప్యాకెట్ల దగ్గర ఆరు కుక్కలు ఉన్నాయి. పాపం తింటున్నాయిలే అనుకున్నాను. మనం పడేసే తిండికి బీచ్ దగ్గర కుక్కలూ కాకులూ పెరుగుతాయి. ఆదివారం జనం పోయాక సోమవారం అవి ఏం తినాలి? ఇసుక తవ్వుతాయి. గుడ్డు దొరుకుతుంది. పుట్టి నీళ్లలోకి పరిగెత్తే తాబేలు పిల్ల దొరుకుతుంది. నేను తాబేలుకు ఏ హానీ తలపెట్టలేదు. కాని మేము పారేసిన ఎముకలు తిన్న కుక్కే గుడ్లనూ తింటుంది కదా. మా ఆయన ప్యాకెట్లన్నీ ఏరి కవర్లో వేసి కారు డిక్కీలో పెట్టాడు. వాసన వచ్చింది. నెల్లూరు దాకా అలాగే తెచ్చాం.

దీపాల సంగతి ఇంకా బాధ. మేము దిగిన గదులవాళ్లు సముద్రం కేసి నాలుగు పెద్ద లైట్లు పెట్టి రాత్రంతా వెలిగించారు. పదకొండు దాకా పాటలు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల రాత్రిపూట ఎటు వెలుతురుగా ఉంటే అటు పోతుంది. ఆకాశపు వెలుతురు నీళ్ల మీద పడి సముద్రం వైపే మెరుస్తుంది కాబట్టి లక్షల ఏళ్లుగా దానికి ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు లైటు ఒడ్డు మీద ఉంది. పిల్ల రోడ్డు వైపు పోయి ఎండకు చస్తుంది. లైట్లు కాస్త ఆపండి అని అడిగాను. "గెస్టులు అడుగుతారు మేడమ్," అన్నారు. గెస్టులమంటే మనమే కాబట్టి ఈ మాట మీకు చెప్తున్నాను. గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా, వైఫై ఉందా అని అడుగుతాం కదా. రాత్రి పది తర్వాత సముద్రం వైపు లైట్లు ఆపుతారా అని కూడా అడగండి. పదిమంది అడిగితే ఆపుతారు.

ఇది చదివి ఒకరిద్దరు స్నేహితులు అనబోయే మాటలు నాకు తెలుసు, ఇంతకుముందే అన్నారు కాబట్టి. తాబేళ్లను చంపేది పెద్ద బోట్ల వలలు, బిరియానీ తినేవాళ్లు కాదు అంటారు. నిజమే. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి. వలలో చిక్కి పైకి రాలేక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. వలలో తాబేలు తప్పించుకునే కిటికీ అమర్చే పద్ధతి ఉంది. దాన్ని అన్ని బోట్లలో పెట్టించాలి. తూర్పు తీరంలో చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తాబేళ్లు గుడ్లకు వచ్చేది దానికి ముందు. ఆ నెలల్లో అవి గుంపుగా ఉండే చోట్ల పెద్ద బోట్లను గట్టిగా ఆపాలి. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, అడగాల్సిందే. కాని అడగడానికి ముందు మనకు ఆ తాబేలు మీద మనసు ఉండాలి కదా. చూడని జీవి కోసం ఎవరూ అడగరు. కలివికోడి కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారంటే, అది ఉందని చూసి, రాసి, చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టే.

ఇంకొకరు, ఏడాదికి రెండు రోజులు సెలవు దొరికితే పిల్లలు ఎంజాయ్ చేయొద్దా, పిట్టల్ని చూస్తూ కూర్చోవాలా అంటారు. ఈ మాటకు నేను ఒప్పుకోను. మా పిల్లలు ఆ రెండు రోజుల గురించి మూడేళ్ల తర్వాత కూడా చెప్పేది ఎండ్రకాయ ముగ్గు, తాబేలు జాడ, తాతతో పందెం. ఎవరు ముందు కొత్త జాడ కనిపెడితే వాళ్లకు పల్లీ ఉండ. అంతకుముందు రెండుసార్లు వేరే బీచ్‌కు పోయాం. అప్పుడు ఏం చేశారని అడిగితే "ఆడుకున్నాం" అంటారు, అంతకుమించి ఏమీ గుర్తులేదు.

నీళ్లలో దిగే విషయం కూడా చెప్పాలి. మనలో ఈత వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినా బావిలో, కాలువలో నేర్చుకున్న ఈత. చెరువులో నీళ్లు నిమ్మళంగా ఉన్న చోట భయం ఉండదని మనకు అలవాటు. సముద్రంలో దీనికి తలకిందులు. అలలు విరిగి నురగ వచ్చే చోటుల మధ్య ఒక సన్నటి పాయ నురగ లేకుండా, మట్టి రంగులో, నిమ్మళంగా కనపడితే అక్కడే ప్రమాదం. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఆ పాయలోంచే వేగంగా లోపలికి పోతుంటాయి. మోకాలి లోతులో నిలబడ్డ మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది. చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు రావాలి. పండగ సెలవులకు పోయిన మన పిల్లల శవాలు వచ్చిన వార్త ప్రతి ఏడాదీ చదువుతున్నాం. మాఘపౌర్ణమికి సముద్ర స్నానం మన పెద్దల నుంచి వస్తున్న ఆచారం, దాన్ని నేను కాదనను. మా అమ్మ పేరు చెప్పుకుని నేనూ మూడు మునకలు వేశాను. ఒడ్డున, చెయ్యి చెయ్యి పట్టుకుని. అది అయిపోయాక రోజంతా నీళ్లలో ఉండాల్సిన పని లేదు. మిగతా రోజంతా ఒడ్డు మీద గడపడానికి చాలినంత ఉంది.

గవ్వల గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. పాప చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి సీసా నిండా శంఖాలు, గవ్వలు ఏరుకొచ్చింది. ఎంత బాగున్నాయో అని నేనే ఏరిచ్చాను. ఇంటికొచ్చిన మూడో రోజు ఇల్లంతా వాసన. సీసా బోర్లిస్తే నాలుగు శంఖాల్లోంచి ఎండిపోయిన చిన్న ఎండ్రకాయల కాళ్లు బయటికి ఉన్నాయి. వాటికి ఒళ్లు వెనక భాగం మెత్తగా ఉంటుంది, సొంత డొప్ప ఉండదు. నత్త చచ్చి ఖాళీ అయిన శంఖంలో దూరి బతుకుతాయి, పెరిగే కొద్దీ ఇంకా పెద్ద శంఖంలోకి మారతాయి. పాప ఆ రోజు చాలా ఏడ్చింది. అందుకే ఇప్పుడు శంఖాన్ని చేతిలోకి తీసుకుని, చూసి, తీసిన చోటే పెట్టడం మా ఇంట్లో పద్ధతి. లోపల ఎవరూ లేకపోయినా రేపు ఎవరికో ఇల్లు అది.

ఆ రెండో రోజు మధ్యాహ్నం నాయన ఒక మాట అడిగాడు. "మన ఏరు యాడ కలుస్తాది?" వలాయన ఉత్తరం వైపు చెయ్యి చూపించాడు. ఊటుకూరు దగ్గర. సిద్దవటం కోట గోడ పక్కగా పోయే పెన్నేరే అది. నంది కొండల్లో పుట్టి, అనంతపురం జిల్లా దాటి, గండికోట దగ్గర కొండను కోసుకుని, చిత్రావతిని, కుందూను, పాపఘ్నిని, చెయ్యేరును, సగిలేరును కలుపుకుని, సోమశిల దగ్గర వెలిగొండలు దాటి 597 కిలోమీటర్లు పోయి సముద్రంలో పడుతుంది. మేము కారులో వచ్చిన బద్వేలు, ఆత్మకూరు దారి కూడా ఆ కొండల్ని దాటే వస్తుంది. మన ఏరు చాలా నెలలు ఇసుకే కదా, నీళ్లెక్కడివి అని మనం అనుకుంటాం. ఆ ఇసుకే బీచ్. కొండలు అరిగి ఏరు తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డు వెంట పంచుతాయి. పైన ఆనకట్టల్లో ఆగినంత, మనం ట్రాక్టర్లకు ఎత్తినంత ఇసుక కింద సముద్రపు ఒడ్డుకు తగ్గుతుంది. ఒడ్డు కోసుకుపోతే తాబేలుకు గుంట తవ్వే చోటు ఉండదు. సిద్దవటం దగ్గర ఏట్లో ఇసుక లారీకి ఎత్తడానికీ, తాబేలుకూ సంబంధం ఉందని నాయనకు చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే మన ఇసకలోనే గుడ్లు పెడతాంది," అన్నాడు తర్వాత.

ఇంకా వెనక్కి పోతే మనమే సముద్రం అడుగున ఉన్నాం. మన ఇళ్లలో పరిచే కడప బండలు ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. వేంపల్లె దగ్గరి రాళ్లలో గుండ్రటి పొరలు కనపడతాయి. 180 కోట్ల ఏళ్లకు ముందు, అప్పటి సముద్రపు నీళ్లలో పెరిగిన సూక్ష్మజీవుల చాపలు అవి. గువ్వలచెరువు ఘాట్‌లో మనం పాలకోవాకు ఆగుతాం. ఆ ఘాట్ పేరు మీదనే అక్కడి రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు పేరు పెట్టుకున్నారు. ఆ రాతి పలకల్లో అలల గుర్తులు గట్టిపడి ఉన్నాయి. మైపాడులో ఆటుకు నీళ్లు దిగాక ఇసుక మీద వంకరవంకరగా మిగిలే గీతలు చూడండి, తర్వాత ఘాట్‌లో కారు ఆపి రాయి చూడండి. పోలిక చెప్పడానికి చదువు అక్కర్లేదు.

మరుసటి డిసెంబరులో సూళ్లూరుపేట వైపు పోయాం. నాయన మోకాళ్ల నొప్పితో రాలేదు. అటకానితిప్ప దగ్గర శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా మోకాలి లోతు నీళ్లలో రాజహంసలు, ఫ్లెమింగోలు అంటారే అవి. తల తలకిందులుగా ముంచి, ముక్కుతో నీళ్లను వడగట్టి తింటాయి. ఆ తిండిలోంచే వాటికి గులాబీ రంగు వస్తుంది. నేలపట్టులో చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు. నీళ్లలో నిలబడి ఉండే ఆ చెట్లను అక్కడ కడప చెట్లు అంటారని ఆటో అబ్బాయి చెప్తే పిల్లలు కేకలు పెట్టారు. అక్కడి రైతులు ఆ పిట్టల జోలికి ఎవర్నీ పోనివ్వరు. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు. మనకూ ఇలాంటి ఊరు ఉంది. పాత అనంతపురం జిల్లా చిలమత్తూరు దగ్గర వీరాపురం. ఊరి మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. సైబీరియా కొంగలని పేరు పడింది గానీ, అవి సైబీరియావి కావు, మన దేశపు కొంగలే. సముద్రం దాకా పోలేనివాళ్లు వీరాపురం పోండి. అక్కడ కూర్చోవడం అలవాటైతే బీచ్‌లో కూర్చోవడం తెలుస్తుంది.

ఎలా పోవాలని అడిగితే నేను చెప్పేది చాలా కొంచెం. జనవరి నుంచి మార్చి మధ్య పోండి, ఆదివారం కాకుండా పోండి. తెల్లవారకముందు లేవండి, ఎందుకంటే ఎనిమిది తర్వాత జాడలన్నీ మన చెప్పుల కింద పోతాయి. ఇసుక మీద బండి తిప్పే సరదాకు డబ్బులు ఇవ్వకండి. ఆ చక్రాల గాడులు తాబేలు పిల్లకు లోయలు. పెద్దవాళ్లను తీసుకుపోండి. అన్నిటికన్నా ఇది ముఖ్యం. మేకలు కాసినవాళ్లు, సేద్యం చేసినవాళ్లు, ఏట్లో చేపలు పట్టినవాళ్లు మీ ఇంట్లో ఎవరున్నా వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి మీరు నీళ్లలో దిగకండి. వాళ్ల వెనక నడవండి.

మేము తిరిగి వచ్చేటప్పుడు వలాయన నంబరు నాయన తీసుకున్నాడు. మార్చి ఆఖర్లో ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. నాయన చిన్న ఫోను, మాట బయటికే వినపడుతుంది. సాయంత్రం గుడ్లు పగిలాయట. నలభై తొమ్మిదో రోజు. చీకటి పడ్డాక నీళ్ల దగ్గర వదిలారట, తొంభైకి పైనే ఉన్నాయట. కొన్ని గదుల లైట్ల కేసి తిరిగితే కుర్రాళ్లు చేతులు అడ్డం పెట్టి ఇటు మళ్లించారట. నాయన అన్నీ విన్నాడు.

"అబ్బయ్యా, ఆ పిల్లల అడుగులు ఎట్లుంటాయి?" అని అడిగాడు.

అవతల ఆయన చెప్తున్నాడు. నాయన ఫోను చెవికి ఆనించుకుని, వాకిట్లో మట్టి మీద వేలుతో మెల్లగా గీస్తున్నాడు.